మందు డబ్బా మీద తెలుగుంది, తిండి పొట్లం మీదేదీ?

ఈ వారం పురుగుల గురించో ఎరువుల గురించో కాదు, మన ఇంట్లో ఫ్రిజ్జు గురించి రాస్తున్నాను. వ్యవసాయం పేజీలో ఫ్రిజ్జు సంగతులేంటని నవ్వుకోకండి. ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు ఎకరం, అరెకరం ఉన్నవాడి ఇంట్లోనూ ఒక మూల ఫ్రిజ్జు కనిపిస్తోంది. పండించింది అమ్ముకుని పొట్లాలు కొనుక్కుని తినే రోజులొచ్చాయి. పాలు పోసేది మనం, పాల ప్యాకెట్టు కొనేదీ మనమే. అంచేత ఇది మన సంగతే.

పోయిన మే నెలలో మా బావమరిది పిల్లలు సెలవులకు మా ఇంటికొచ్చారు. పట్నం పిల్లలు గదా, మన చేపల పులుసూ తోటకూర వేపుడూ వాళ్లకు నచ్చలేదు. టీవీలో చూపించే చికెన్ నగ్గెట్స్ కావాలన్నారు. టౌనుకు పని మీద వెళ్లినవాణ్ని, పొద్దున్న పదకొండింటికి ఒక కొట్లో రెండు ప్యాకెట్లు కొని, సంచిలో వేసి బండికి తగిలించుకున్నాను. అప్పటికి రాళ్లలా ఉన్నాయి. తిన్నగా ఇంటికొస్తే ఏ గొడవా లేకపోను. దారిలో రైతు సదస్సుంటే ఆగాను. ఉపన్యాసాలన్నీ రాసుకుని ఇల్లు చేరేసరికి మూడు దాటింది. ప్యాకెట్లు మగ్గిన అరటిపండులా మెత్తబడ్డాయి. ఫరవాలేదులే అని ఫ్రీజరులో పడేశాను. సాయంత్రానికి మళ్లీ రాళ్లయ్యాయి. నాలుగో రోజు రాత్రి వేయించి పిల్లలకు పెట్టాం. తెల్లారేసరికి మావాడికీ, బావమరిది కూతురికీ వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్లు ఎక్కించారు.

డాక్టరు గారు రాత్రి ఏం తిన్నారో అడిగి, ఆ ప్యాకెట్టు ఖాళీ అట్ట ఉంటే తెమ్మన్నారు. తెచ్చాను. 'ఇంకా ఎనిమిది నెలల గడువుందండీ' అన్నాను ధీమాగా. ఆయన తేదీ వైపు చూడను కూడా చూడలేదు. దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న ఇంగ్లీషు గీత మీద వేలు పెట్టారు. మైనస్ 18 డిగ్రీలు, లేదా అంతకంటే చల్లగా ఉంచాలి. ఒకసారి కరిగితే తిరిగి గడ్డకట్టించకూడదు. లోపలిదాకా ఉడికించి తినాలి. ఇదీ అక్కడ ఉన్నది. జబ్బుకు కారణం ఖాయంగా అదేనని ఆయన అనలేదు. పరీక్షకు పంపుదామంటే ముక్క కూడా మిగల్లేదు. 'ఎండలో నాలుగు గంటలు తిప్పాక ఆ తేదీ చెల్లదండీ' అన్నారంతే. పక్కనే ఉన్న మా ఆవిడ ఊరుకుంటుందా? 'మందు డబ్బా చదివి కొట్టండని ఊరందరికీ పేపర్లో రాస్తారు, ఇంటికి తెచ్చింది మాత్రం చదవలేకపోయారా' అంది.

తప్పు నాదే, కొట్టువాడిది కాదు, కంపెనీది కాదు. అయితే ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నేనెందుకు చదవలేదు? ఇంటర్మీడియట్ పాసయ్యాను, కూడబలుక్కుంటే ఇంగ్లీషు ముక్కలు అర్థమవుతాయి. అయినా ఆ గీత కంటికి ఆనలేదు. మరి అయిదో క్లాసుతో ఆపేసిన మా అమ్మకు ఎలా ఆనుతుంది? పగలంతా ఇంట్లో వంట చేసేది, మనవలకు పెట్టేది ఆవిడే గదా.

మందుకో న్యాయం, తిండికో న్యాయం

పురుగుమందు డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద డైమండు గుర్తు ఉంటుంది. కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే తక్కువ. చదువురాని కూలీ కూడా ఎరుపు చూస్తే గుడ్డ కట్టుకోకుండా స్ప్రేయరు భుజానికెత్తుకోడు. రంగుతో పాటు భాష కూడా ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల ప్రకారం ఆ లేబులూ, లోపల పెట్టే కరపత్రమూ హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ సరుకు అమ్మే ప్రాంతపు భాషలో కూడా ఉండాలి. అందుకే మన దగ్గర అమ్మే డబ్బాతో పాటు తెలుగు కాగితం వస్తుంది. ఆ తెలుగు భూతద్దం పెడితే గాని కనపడదు, అనువాదం చూస్తే నవ్వొస్తుంది. అది వేరే సంగతి. ఉండాలని చట్టం చెప్పింది, ఉంది.

ఇప్పుడు బిడ్డ తినే బిస్కట్టు పొట్లమో, పాలపొడి డబ్బానో తీసుకోండి. ఆహార పొట్లాల లేబుళ్ల మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లో చేసిన నిబంధనలున్నాయి. వివరాలన్నీ ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలునని వాటిలో ఉంది. ఇంకో భాష కలుపుకుంటే అభ్యంతరం లేదు, కలపాలన్న బలవంతమూ లేదు. బలవంతం లేనిది ఎవరు చేస్తారు? ముందువైపు పేరు మాత్రం తెలుగులో పెద్దక్షరాలతో వేసిన కంపెనీలున్నాయి. వెనక తేదీ, నిల్వ చేసే పద్ధతి దగ్గరికొచ్చేసరికి ఆ తెలుగు మాయమైపోతుంది. అమ్ముకోవడానికి అవసరమైన తెలుగు జాగ్రత్త చెప్పడానికి అక్కర్లేకపోయింది!

పైరు మీద కొట్టే విషానికి తెలుగు తప్పనిసరి, కడుపులోకి పోయే తిండికి ఐచ్ఛికం. ఇది నాకు ఎంత ఆలోచించినా కొరుకుడుపడటం లేదు.

తేదీకి ఒక షరతుంది

లేబులు తెలుగులోకి వచ్చేదాకా మనం కూర్చోలేం గదా. అంచేత ముందు ఆ ఇంగ్లీషు గుర్తులు పట్టుకుందాం. ఎం, ఎఫ్, డి లేదా పి, కె, డి అనే అక్షరాల పక్కనుండేది తయారైన, లేదా ప్యాక్ చేసిన తేదీ. ఈ, ఎక్స్, పి అక్షరాల పక్కనో, 'యూజ్ బై' అన్న మాటల పక్కనో ఉండేది ఆఖరి గడువు. ఆ రోజు దాటితే ఆ సరుకు అమ్మకూడదు, మనం తినకూడదు. 'బెస్ట్ బిఫోర్' అని ఇంకోటి కనపడుతుంది. ఆ తేదీ దాకా రుచీ కరకర బాగుంటాయని దానర్థం, మర్నాడే విషమైపోతుందని కాదు. ఇదివరకు చాలా పొట్లాల మీద ఈ బెస్ట్ బిఫోర్ ఒక్కటే ఉండేది. 2020 నిబంధనలొచ్చాక ఆఖరి గడువు వెయ్యడం తప్పనిసరి అయింది, బెస్ట్ బిఫోర్ వేసినా వెయ్యకపోయినా వాళ్లిష్టం.

అసలు సంగతి ఇక్కడుంది. చట్టంలో ఆ గడువు తేదీకి చెప్పిన అర్థంలోనే, అట్ట మీద రాసిన తీరుగా నిల్వ చేస్తే అన్న షరతు కలిసి ఉంది. షరతు తప్పితే తేదీ లేదు. ఇది మనకు కొత్తేం కాదు. విత్తన సంచికి కట్టిన చీటీ మీదా గడువుంటుంది. ఇంకా మూడు నెలలుంది గదా అని వానలో తడిసిన సంచి విప్పి నారుమడిలో చల్లుతామా? చల్లం. మొలక రాదని తెలుసు. చీటీ మీద తేదీ మారలేదు, లోపల విత్తనం మారింది. నా చికెన్ ప్యాకెట్టుదీ అదే కథ. విత్తనం విషయంలో అంత తెలివిగలవాళ్లం, తిండి దగ్గరకొచ్చేసరికి తేదీ చూసి మురిసిపోతున్నాం.

కాబట్టి పొట్లం తిప్పగానే తేదీతో పాటు డిగ్రీల అంకె వెతకండి. అంకెలు అన్ని భాషల వాళ్లకూ ఒకటే. మైనస్ 18 అని ఉంటే అది ఫ్రీజరులో ఉండాల్సిన సరుకు. 5 డిగ్రీల లోపు అని ఉంటే ఫ్రిజ్జు కింది అరలో. అంకె ఏమీ లేకుండా చల్లని, పొడి ప్రదేశం అని ఉంటే బీరువాలో పెట్టుకున్నా ఒకటే. మామూలు పాల ప్యాకెట్టు ఫ్రిజ్జులో పెట్టాల్సిందే. అట్టపెట్టెలో వచ్చే పాలు బాగా ఎక్కువ వేడి మీద మరగించి గాలి తగలకుండా నింపుతారు గనక మూత విప్పేదాకా బయటున్నా ఫరవాలేదు, విప్పాక మాత్రం అవీ ఫ్రిజ్జులోకే.

ఇంకొక గుర్తు చెప్పి ముందుకు పోతాను. మన కొట్లలో వంటనూనె సీసాల పక్కనే దీపారాధన నూనె సీసాలు పెడతారు, ధర తక్కువ. వాటి మీద నల్లటి చతురస్రంలో నల్లటి ఇంటూ గుర్తుండాలి. మనుషులు తినడానికి కాదని దానర్థం. చవగ్గా వస్తోందని బూరెలు వండకండి.

చలికి క్రిములు చావవు

ఫ్రీజరులో పెడితే క్రిములన్నీ చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. చావవు. ఎండిన చేలో తుంగ గడ్డ ఎలా పడుంటుందో అలా పడుంటాయి. తడి తగలగానే తుంగ లేచినట్టు, వెచ్చదనం తగలగానే ఇవీ లేస్తాయి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా వాటికి మంచి అదను. వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటే అని అమెరికా వ్యవసాయ శాఖ సలహా. మన మే నెల ఎండకు 32 డిగ్రీలంటే తెల్లవారుజాము చలి! నేను నాలుగు గంటలు తిప్పాను.

మరి తర్వాత వేయిస్తే చస్తాయి గదా అంటారు. క్రిములు చస్తాయి. కానీ కొన్ని రకాలు బతికున్నప్పుడు వదిలిన విషం వేడికి పోదు. పైగా మనం వేయించేదెంత? పైన ఎర్రగా వచ్చిందా, తీసేశామా అన్నట్టుంటుంది. ఈ నగ్గెట్స్ లాంటివి కొన్ని పైకి వేగినట్టు కనపడినా లోపలున్నది పచ్చి మాంసమే. కెనడాలో ఇలాంటి సరుకు తిని ఎంతోమందికి సాల్మొనెల్లా అనే క్రిమి సోకితే, 2019 ఏప్రిల్ నుంచి కంపెనీలే ఆ క్రిమి లేకుండా చూడాలని అక్కడి ప్రభుత్వం కట్టడి చేసింది. ముక్కను మధ్యకు విరిచి చూడండి. లోపల గులాబీ రంగు కనపడితే, పొగలు రాకపోతే మళ్లీ పొయ్యి మీదకు.

మాంసానికే కాదు, కూరగాయలకూ ఇదే మాట. గడ్డకట్టించిన మొక్కజొన్న, కూరగాయల వల్ల యూరప్‌లో 2015 నుంచి 2018 మధ్య అయిదు దేశాల్లో 47 మందికి లిస్టీరియా సోకింది, తొమ్మిది మంది పోయారు. ఆ సరుకు హంగరీలోని ఒక కర్మాగారం నుంచి వచ్చినట్టు తేలింది. ఈ లిస్టీరియా మిగతా వాటిలా కాదు, ఫ్రిజ్జు చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మరీ ప్రమాదం. అంచేత గడ్డకట్టిన బఠాణీ అయినా స్వీట్‌కార్న్ అయినా పచ్చిగా నోట్లో వేసుకోకూడదు, ఉడకబెట్టాలి. పిల్లలు ఐసు ముక్కల్లా చప్పరించడం నేనే చూశాను.

ఇక మన ఫ్రిజ్జు సంగతి. తలుపు మీద అంటించిన మూడు నక్షత్రాలు, అయిదు నక్షత్రాలు ఫ్రీజరు చలికి కాదు, కరెంటు ఆదాకు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఫ్రీజరు చలిని చెప్పేవి కొన్ని ఫ్రిజ్జుల్లో ఆ గడ్డకట్టే అర తలుపు మీదే ఉండే మంచుపువ్వు లాంటి నక్షత్రాలు. ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18. సాధారణంగా ఒక నక్షత్రపు అరలో వారం, రెండింటిలో నెల, మూడింటిలో అట్ట మీది తేదీ దాకా అని లెక్క. మనలాంటి వాళ్లు కొనే ఒంటి తలుపు ఫ్రిజ్జులో పైన చిన్న గూడులాంటి అర ఉంటుంది. అందులో ఐసు కట్టినంత మాత్రాన మైనస్ 18 ఉందనుకోకండి. నీళ్లు గడ్డకట్టడానికి సున్నా చాలు. అలాంటి అరే మీది కూడా అయితే, ఎనిమిది నెలల తేదీని మరిచిపోయి వారంలోపు వండేసుకోండి.

కొట్లో కొన్నదాన్ని మన ఫ్రీజరులో దాచుకోవచ్చా అని కొందరు అడుగుతారు. నిక్షేపంగా దాచుకోవచ్చు, గడువు దాటకముందే పెట్టాలి. బ్రిటన్‌లో ఇదివరకు 'కొన్న రోజే ఫ్రీజరులో పెట్టండి' అని అచ్చేసేవాళ్లు. రెండో రోజయితే పాడైందేమోనని జనం మంచి సరుకు పారబోస్తుంటే, 2012లో అక్కడి ఒక పెద్ద దుకాణాల సంస్థ ఆ మాట తీసేసి, వీలైనంత త్వరగా, గడువు తేదీ లోపు పెట్టమని మార్చింది. ఆదివారం కిలో మాంసం తెస్తే, పూటకు సరిపడా చిన్న పొట్లాలు కట్టి పెట్టుకోండి. అప్పుడు ఒక పూట కోసం మొత్తం కరిగించే పనుండదు. పొట్లం మీద తేదీ రాయండి, లేకపోతే మూడు నెలల తర్వాత అది మాంసమో చింతపండో తెలీదు. వండే ముందు రోజు రాత్రి తీసి కింది అరలో గిన్నెలో పెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. ఎండలో పెట్టడం, పొయ్యి గట్టు మీద వదిలెయ్యడం వద్దు. కారిన నీళ్లు కూరగాయల మీద పడనివ్వకండి. పచ్చిది కరిగాక తిరిగి ఫ్రీజరులోకి పోకూడదు. కూర వండేశాక మిగిలింది చల్లారబెట్టి పెట్టుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు

ఇక్కడ అట్ట మీది మాటలకూ మన బతుకుకూ అసలు పొంతన కుదరదు. కరెంటు ఎప్పుడూ ఉంటుందనుకునే వాళ్లు రాసిన గీతలవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అంత కాకపోయినా, గాలివాన వస్తే పల్లెలో ఒక పగలంతా పోవడం మనకు మామూలే. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్జు కింది భాగం నాలుగు గంటలు చలి నిలుపుతుందని అమెరికా వాళ్ల లెక్క. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజరైతే 48 గంటలు, సగమే ఉంటే 24. మన చిన్న గూటికి అంత శక్తి లేదు, అందులో సగం కూడా ఆశించకండి.

ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. చిన్న గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించండి. గడ్డ మీద రూపాయి బిళ్ల పెట్టి అక్కడే వదిలెయ్యండి. మీరు పెళ్లికో తీర్థానికో వెళ్లి రెండు రోజుల తర్వాత వచ్చాక చూడండి. బిళ్ల పైనే ఉంటే సరే. గిన్నె అడుగున ఉంటే, మీరు లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి, నీళ్లు కరిగి, బిళ్ల మునిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు లోపలున్న మాంసం, చేపలు రాయిలా ఉన్నా నమ్మకండి. డబ్బులు పెట్టి కొన్నది పారెయ్యాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. నాకు రెండు ప్యాకెట్ల ధర కంటే ఆసుపత్రికి అయింది ఎన్నో రెట్లు.

కొట్లో కొనేటప్పుడే కొంత కనిపెట్టొచ్చు. బఠాణీ ప్యాకెట్టు ఊపితే గింజలు గలగలమనాలి. ఇటుకలా ఒకే ముద్దగా ఉంటే ఒకసారి కరిగి గట్టిపడినట్టే. ప్యాకెట్టు లోపల మంచు పేరుకున్నా, ఐస్‌క్రీమ్ ఒక పక్కకు ఒరిగి గట్టిపడినా అదే కథ. ఫ్రీజరు పెట్టెలో గీత దాటి పైకి పేర్చిన వాటిని తీసుకోకండి, పైవాటికి చలి అందదు. ఈ సరుకు అన్నిటికంటే ఆఖర్న కొని, నాలుగు పొరల న్యూస్‌పేపరు చుట్టి, తిన్నగా ఇంటికి రండి. సదస్సులు రేపూ జరుగుతాయి.

ఐస్‌క్రీమ్ అనుకుని కొంటున్నది

పాడి రైతులకు ఒక ముక్క. లేబులు చదవడం ఒంటికే కాదు, మీ పాల ధరకూ సంబంధించింది. ఎండాకాలం పిల్లలకు పుల్ల మీదో కప్పులోనో కొనిపెట్టే చల్లటి పదార్థాలన్నీ ఐస్‌క్రీములు కావు. కొన్నిటి మీద చిన్న అక్షరాల్లో 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటుంది. ఐస్‌క్రీములో ఉండేది పాల కొవ్వు. ఈ రెండో రకంలో చెట్టు నూనెల కొవ్వు కలుస్తుంది. తినకూడనిదేం కాదు, చట్టం ఒప్పుకున్నదే, పేరు ఉన్నదున్నట్టు వెయ్యమని కూడా చెప్పింది. అయితే పాల కేంద్రంలో వెన్న శాతం పాయింటు తగ్గిందని రూపాయి కోయించుకుని వచ్చిన రైతు, ఆ డబ్బుతోనే కొడుక్కి పామాయిలు పుల్ల కొనిపెడుతున్నాడంటే ఏమనాలి? తెలిసి కొంటే ఆయన ఇష్టం. తెలీక కొంటున్నాడు, ఎందుకంటే అది తెలుగులో లేదు.

తెలుగు అడగడం తప్పా?

కంపెనీల తరఫున చెప్పే మాట నాకు తెలుసు. ఒకే పొట్లం అన్ని రాష్ట్రాలకూ పోతుంది, అన్ని భాషలూ వెయ్యడానికి చోటెక్కడిది అంటారు. వంద మిల్లీలీటర్ల మందు సీసాకు చోటు ఎక్కణ్నించి వచ్చింది? కాగితం మడిచి పెడుతున్నారు గదా. కెనడాలో ప్రతి తిండి పొట్లం మీదా ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉండాల్సిందే. అక్కడ కంపెనీలు మూతపడలేదు.

ఇంకోటి చూడండి. మన భీమవరం వైపు చెరువుల్లో పెంచిన రొయ్య గడ్డకట్టి ఓడలో అమెరికా పోతుంది. ఏ దేశపు సరుకో, చెరువులో పెంచిందో సముద్రంలో పట్టిందో 2005 నుంచి అక్కడి కొట్లలో కొనేవాడికి చెప్పి తీరాలి. వాడి భాషలోనే చెబుతారు. మన రొయ్య తినేవాడికున్న హక్కు, రొయ్య పెంచినవాడు తన పిల్లలకు కొనే పొట్లం దగ్గర లేకుండా పోయింది.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. పోషక విలువల పట్టికలూ, రంగుల నంబర్లూ ఇంగ్లీషులో ఉంటే ఉండనివ్వండి. గడువు తేదీ ఏదో, ఎంత చలిలో ఉంచాలో, కరిగితే ఏం చెయ్యాలో, ఈ మూడు గీతలు మాత్రం అమ్మే ప్రాంతపు భాషలో కనపడేటంత అక్షరాలతో వెయ్యాలి. అదీ కుదరదంటే, డైమండు గుర్తులా చదువురాని వాళ్లకూ తెలిసే రంగు గుర్తు ఒకటి పెట్టాలి. ఈలోపు రాష్ట్ర ప్రభుత్వం చెయ్యగలిగిన చిన్న పని ఉంది. ఫ్రీజరు పెట్టిన ప్రతి కొట్లోనూ దాని మీద ఆ మూడు మాటలూ తెలుగులో అంటించమని ఆహార భద్రతా అధికారులు చెబితే ఎంత ఖర్చు? మన మహిళా సంఘాల వాళ్లు పచ్చళ్లూ పొడులూ ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు, వాళ్లూ కంపెనీలను చూసి ఇంగ్లీషు అచ్చువేయిస్తున్నారు. మీరైనా ముందు తెలుగు వెయ్యండమ్మా.

గడువు దాటిన సరుకు అంటగడితే ఊరుకోకండి. బిల్లు అడిగి తీసుకోండి, పొట్లం దాచండి, దాని మీదుండే పద్నాలుగంకెల లైసెన్సు నంబరు రాసుకోండి. వినియోగదారుల ఫిర్యాదుల ఫోను 1915. తేదీ చెరిపి కొత్తది అంటించినట్టు కనపడితే మరీ వదలొద్దు.

ఇది రాసే ముందు మా ఊరి సెంటర్లో ఒక పచారీ కొట్టుకు వెళ్లాను. కొత్తగా ఫ్రీజరు పెట్టె పెట్టారు, అందులో ఐస్‌క్రీములూ బఠాణీలూ చికెన్ ప్యాకెట్లూ ఉన్నాయి. 'రాత్రిళ్లు కూడా ఆన్‌లోనే ఉంచుతారా' అని అడిగాను. 'కట్టేస్తానండి, కొట్టు మూసేటప్పుడు. బిల్లు తట్టుకోలేకపోతున్నాం. పొద్దున్నే వెయ్యగానే రెండు గంటల్లో మళ్లీ గట్టిపడిపోతాయండి' అన్నాడు, ఏ దాపరికమూ లేకుండా. ప్యాకెట్టు వెనక్కి తిప్పి ఆ గీత చూపించాను. దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. 'ఇంగిలీసులో ఉంటే ఏం రాసుందో నాకేం తెలుస్తదండీ' అన్నాడు.

తెలుగులో చదివి చెప్పాను. ఒక అట్ట ముక్కా, స్కెచ్ పెన్నూ ఇచ్చి, 'అదేదో మీరే రాసి పెట్టండి, ఫ్రీజరుకు అంటిస్తాను' అన్నాడు. రాసిచ్చాను. కరెంటు బిల్లు మాటేంటని మాత్రం ఇద్దరం అనుకోలేదు.